ఒత్తిడి ఒంటిని ఏం చేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది చదువుతున్న ఈ నిమిషంలోనే మీకు ఛాతీలో బరువు, చెమటలు, చెయ్యి లాగడం ఉంటే పేజీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. మిగతావాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. హైదరాబాద్‌లో ఒత్తిడి విషయంలో రెండు పొరపాట్లు ఎక్కువ. ఒంట్లో నిజంగా ఉన్న బాధను “అదంతా నీ మనసులోదే” అని కొట్టిపారేయడం ఒకటి. ఏ లక్షణం వచ్చినా “టెన్షన్ వల్లే” అనేసి పరీక్ష చేయించుకోకపోవడం ఇంకొకటి. ప్రాణాల మీదికి తెచ్చేది ఈ రెండోదే.

టెన్షన్ పడినప్పుడు ఒంట్లో అసలు ఏం జరుగుతుంది?

రెండు విడతలుగా జరుగుతుంది. మొదటిది క్షణాల్లో మొదలవుతుంది. మెదడు అడుగున ఉండే హైపోథలమస్ నుంచి నరాల ద్వారా కబురు అందగానే, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. పేగులకు, చర్మానికి వెళ్లే రక్తం కండరాలకు మళ్లుతుంది. అరచేతులు చల్లబడటం, నోరు ఎండిపోవడం, కడుపులో తిప్పినట్టు ఉండటం ఈ మార్పుల వల్లే. కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. గాయమైతే రక్తం తొందరగా గడ్డకట్టేలా ప్లేట్‌లెట్లు కూడా సిద్ధమవుతాయి.

రెండో విడత నిమిషాల్లో మొదలవుతుంది. హైపోథలమస్ పిట్యూటరీని, పిట్యూటరీ అడ్రినల్‌ని హార్మోన్లతో తట్టిలేపితే కార్టిసాల్ విడుదలవుతుంది. ఒత్తిడి మొదలైన అరగంటకు రక్తంలో ఇది బాగా పెరిగి ఉంటుంది. శక్తికి కావలసిన చక్కెరను అందుబాటులో ఉంచడం, వాపును అదుపు చేయడం దాని పని. చాలినంత పెరిగాక ఆ కార్టిసాలే మెదడుకు చేరి తన తయారీని తానే ఆపిస్తుంది. శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో మొదటి విడతను వివరించారు. తీవ్రమైన ఒత్తిడికి గురైన ఎలుకల్లో అడ్రినల్ గ్రంథులు ఉబ్బడం, రోగనిరోధక శక్తికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం, జీర్ణాశయంలో పుండ్లు పడటం హాన్స్ సెల్యే 1936లో చూపించారు.

ఇదంతా పరుగెత్తి తప్పించుకోవాల్సిన ప్రమాదాల కోసం ఏర్పడిన ఏర్పాటు. ఈఎంఐ తేదీ, మేనేజర్ మెసేజ్, పిల్లల ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకు లాంటివి పరుగెడితే తప్పేవి కావు. అందుకే ఆపే పని సరిగా జరగక, గుండె, రక్తనాళాలు, పేగులు, నిద్ర ఒక్కొక్కటే దెబ్బతింటాయి.

కొంచెం టెన్షన్ ఉంటే మంచిదేనంటారు, నిజమేనా?

నిజమే. పరీక్ష ముందు రోజు గుండె కొట్టుకోవడం, ఇంటర్వ్యూకి వెళ్తూ రెండుసార్లు బాత్రూమ్‌కి వెళ్లడం జబ్బు కాదు. పని అయిపోయాక రాత్రి నిద్ర పడుతోందా, మర్నాడు ఆకలి వేస్తోందా అన్నది చూసుకోండి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, మలవిసర్జన గాడిలో పడకపోతే డాక్టర్‌తో మాట్లాడండి.

ఛాతీలో నొప్పి వచ్చింది. గ్యాసా, టెన్షనా, గుండెపోటా? ఎలా తెలుసుకోవాలి?

ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. సోడా తాగి, ఈనో వేసుకుని “తెల్లారాక చూద్దాం” అని పడుకోవడంతో గుండెపోటులో అన్నిటికన్నా విలువైన మొదటి గంటలు పోతాయి. దక్షిణాసియా వాళ్లకు గుండెపోటు మిగతా ప్రాంతాల వాళ్లకన్నా కొన్నేళ్లు ముందే వస్తుంది. 35 ఏళ్ల మనిషికి రాదులే అనుకోవద్దు.

తేడాలు ఇలా ఉంటాయి. పానిక్ అటాక్‌లో భయం ఒక్కసారిగా ముంచుకొచ్చి, సాధారణంగా 10 నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, అరగంటలో తగ్గుముఖం పడుతుంది. వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి వస్తుంది. గుండెపోటులో ఛాతీ మధ్య బరువు పెట్టినట్టు, పిండినట్టు ఉంటుంది. నొప్పి ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకవచ్చు. చల్లని చెమట, వాంతి, మెట్లెక్కితే నొప్పి ఎక్కువవడం కూడా ఉండవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, పెద్ద వయసు వాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, పొట్ట పైభాగంలో మంట మాత్రమే ఉండవచ్చు. అందుకే ఈ తేడాలు తెలిసినా ఈసీజీ తీయించుకోవాల్సిందే.

మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినంత మాత్రాన ఇంటికి బయల్దేరకండి. నొప్పి ఉంటే కొంతసేపటికి మళ్లీ ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది) రక్తపరీక్ష చేస్తారు. ట్రోపోనిన్ గంటల తేడాతో రెండోసారి కూడా చేయాల్సి రావచ్చు. బండి మీరు నడపొద్దు. క్యాబ్ కోసం ఎదురుచూడొద్దు. అంబులెన్స్‌లో దారిలోనే చికిత్స మొదలవుతుంది.

తీవ్రమైన దుఃఖం వల్ల నిజంగా గుండె పాడవుతుందా అని కూడా అడుగుతారు. అవుతుంది. టాకోట్సుబో అనే పరిస్థితిలో ఆప్తుల మరణం లాంటి దెబ్బ తర్వాత గుండె ఎడమ గది కొస తాత్కాలికంగా ఉబ్బి సరిగా కొట్టుకోదు. జపాన్‌లో 1990లో మొదట వర్ణించారు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఎక్కువ. చాలామందిలో కొన్ని వారాల్లో గుండె మళ్లీ కోలుకుంటుంది. లక్షణాలు మాత్రం అచ్చం గుండెపోటులాగే ఉంటాయి కాబట్టి అత్యవసరంగానే చూడాలి.

ఆస్పత్రిలో చూస్తే బీపీ 150 ఉంది, ఇంట్లో చూస్తే 125. ఏది నమ్మాలి?

డాక్టర్ ముందు కూర్చుంటే బీపీ పెరగడం చాలామందికి ఉంటుంది. కానీ ఇంట్లో కొలిచే పద్ధతి తప్పితే ఆ అంకె కూడా పనికిరాదు. ఇలా కొలవండి.

అరగంట ముందు నుంచీ చాయ్, కాఫీ, సిగరెట్, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రండి. మూత్రాశయం నిండి ఉంటే అంకె పెరుగుతుంది. వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు మౌనంగా కూర్చోండి. చెయ్యి టేబుల్ మీద, గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి వేలాడితే, మధ్యలో మాట్లాడితే బీపీ 10 దాకా ఎక్కువ చూపించవచ్చు. పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద కట్టాలి. మీ చేతికి చిన్నదైన పట్టీ ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది, లావు చేతుల వాళ్లు పెద్ద పట్టీ అడిగి కొనుక్కోవాలి. మణికట్టు మిషన్లకన్నా భుజం దగ్గర కట్టేవి నమ్మదగ్గవి.

నిమిషం ఎడంతో రెండుసార్లు, పొద్దున, సాయంత్రం, 7 రోజులు కొలిచి రాసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 లేదా అంతకన్నా ఎక్కువుంటే అది బీపీ జబ్బే, టెన్షన్ పేరు పెట్టి దాటేయొద్దు. 180/120 దాటి ఛాతీ నొప్పి, చూపు మసక, మాట తడబాటు ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

బీపీ మాత్రలు వాడుతున్న వాళ్లు “టెన్షన్ తగ్గింది కదా” అని సొంతంగా ఆపకండి. రక్తనాళాల్లో వచ్చిన మార్పు మనసు కుదుటపడగానే పోదు.

మా నాన్నగారికి షుగర్. ఇంట్లో గొడవలు వచ్చినప్పుడల్లా షుగర్ పెరుగుతుందంటారు. నిజమా?

నిజం. అడ్రినలిన్, కార్టిసాల్ రెండూ కాలేయం నుంచి చక్కెరను విడుదల చేయిస్తాయి, ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. తిండి మారకపోయినా అంకె పెరగవచ్చు. దీనికి తోడు ఒత్తిడిలో మందు వేళ తప్పడం, రాత్రి తీపి తినడం, నడక మానేయడం ఉంటాయి. అసలు పెరుగుదలలో వీటి వాటా తక్కువేం కాదు. గొడవ జరిగిన రోజు అంకె చూసి మాత్ర డోసు పెంచకండి. వారం రోజుల అంకెలు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూసి డాక్టర్ మారుస్తారు.

షుగర్ లేనివాళ్లు: పరగడుపున 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 హద్దులో ఉన్నట్టు, 126 లేదా ఎక్కువ రెండుసార్లు వస్తే షుగర్ ఉన్నట్టు. నడుము చుట్టుకొలత కూడా చూడండి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు మధ్యలో, గాలి వదిలాక టేపు పెట్టి కొలవాలి. మన వాళ్లకు మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 దాటితే జాగ్రత్తపడాలి. కార్టిసాల్ ఎక్కువకాలం హెచ్చుగా ఉంటే కొవ్వు పొట్ట లోపల చేరుతుంది.

అల్సర్ టెన్షన్ వల్లే వస్తుందా?

పెద్ద కారణాలు రెండు: హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, డైక్లోఫినాక్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు. ఆ బ్యాక్టీరియాను కనిపెట్టినందుకు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. బ్యాక్టీరియా ఉంటే పరీక్షలో తెలుస్తుంది, యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడితే పోతుంది. “టెన్షన్ తగ్గించుకో” అన్న సలహాతో పోదు.

ఒత్తిడి చేసేది వేరు. ఉన్న మంటను ఎక్కువగా తెలిసేలా చేస్తుంది, పేగుల కదలికను మారుస్తుంది. ఆఫీస్‌కి బయల్దేరే ముందు మూడుసార్లు విరేచనం, సెలవు రోజు ఏమీ లేకపోవడం ఐబీఎస్ (పేగుల పనితీరు గాడి తప్పే సమస్య) తీరు. రాత్రి 11కి బిర్యానీ తిని 11:30కి పడుకుంటే మాత్రం మంటకి ఒత్తిడిని తప్పుపట్టలేం. తిన్నాక పడుకోవడానికి 3 గంటల వ్యవధి ఇవ్వండి, మంచం తల వైపు కాళ్ల కింద 6 అంగుళాల ఎత్తు పెట్టండి. కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ పొద్దున టిఫిన్‌కి అరగంట ముందు వేసుకుంటేనే పూర్తిగా పనిచేస్తుంది. దాన్ని ఏళ్ల తరబడి సొంతంగా వాడితే బీ12 తగ్గవచ్చు. నల్లటి మలం, రక్తపు వాంతి, మింగడం కష్టం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఎండోస్కోపీ ఆలస్యం చేయకండి.

రోజూ తలనొప్పి. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. ఎందుకు?

మాత్రే కారణం కావచ్చు. పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ లాంటివి నెలకు 15 రోజులు లేదా ఎక్కువ, కాంబినేషన్ మాత్రలు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ మాత్రలు) 10 రోజులు లేదా ఎక్కువ, మూడు నెలలకు మించి వాడితే మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజులు గుర్తు పెట్టండి. లెక్క 10 దాటుతుంటే న్యూరాలజిస్ట్‌ని కలవండి.

ఒత్తిడి తలనొప్పి రెండు వైపులా, పట్టీ బిగించినట్టు ఉంటుంది. ఒక పక్క కొట్టుకుంటున్నట్టు ఉండి, వికారం, వెలుతురు పడకపోవడం, నడిస్తే ఎక్కువవడం ఉంటే అది మైగ్రేన్, దానికి వేరే మందులు ఉన్నాయి. ఒక్కసారిగా పిడుగులా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కాలు చెయ్యి పడిపోవడం, 50 దాటాక కొత్తగా మొదలైన నొప్పి: వీటిలో దేనికీ ఇంటి వైద్యం పనికిరాదు.

పొద్దున లేవగానే దవడ, కణతలు నొప్పి. దంతాల డాక్టర్ ఒత్తిడి అన్నారు. దంతాలకీ ఒత్తిడికీ ఏం సంబంధం?

చాలామంది నిద్రలో పళ్లు కొరుకుతారు, పగలు తెలియకుండా బిగిస్తారు. అద్దంలో చూసుకోండి: ముందు పళ్ల అంచులు అరిగి సమంగా ఉంటాయి, బుగ్గ లోపల పళ్ల వరసకు ఎదురుగా తెల్లటి గీత ఉంటుంది. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లు, కింది పళ్లు తాకకూడదు. పెదాలు మూసి, నాలుక అంగిలికి ఆనించి, పళ్లు విడిగా ఉంచడం సరైన స్థితి. పంజాగుట్ట, అమీర్‌పేట సిగ్నల్స్ దగ్గర బండి ఆగినప్పుడల్లా ఈ స్థితి ఒకసారి సరిచూసుకోండి, అదే సమయంలో చెవుల దాకా లేచిన భుజాలను కిందికి వదలండి. బైక్ మీద గంట ప్రయాణం చేసేవాళ్ల మెడనొప్పికి ఈ భుజాలూ ఒక కారణం. రాత్రి కొరకడం ఎక్కువుంటే దంతవైద్యులు నైట్ గార్డ్ చేసిస్తారు.

జుట్టు గుప్పెళ్లుగా ఊడుతోంది. బోరు నీళ్ల వల్లా, టెన్షన్ వల్లా?

ఊడిన వెంట్రుక మొదలు చూడండి. కుదురు దగ్గర తెల్లటి చిన్న ఉండ ఉంటే అది విశ్రాంతి దశ పూర్తిచేసుకుని వేరుతో సహా రాలినది. ఉండ లేకుండా మధ్యలో తెగి ఉంటే అది విరగడం. గట్టి నీళ్లు, రంగులు, స్ట్రెయిటెనింగ్ దానికి కారణం కావచ్చు. తీవ్రమైన జ్వరం, ఆపరేషన్, కాన్పు, కుటుంబంలో మరణం లాంటివాటి తర్వాత రెండు, మూడు నెలలకు వేరుతో రాలడం మొదలవుతుంది. అందుకే చాలామంది కారణం పోల్చుకోలేరు. నిన్నటి షాంపూని తప్పుపడతారు. రోజుకు 100 దాకా రాలడం మామూలే. దెబ్బ తర్వాత ఇలా ఎక్కువగా రాలడం దాదాపు 6 నెలల్లో తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించుకోండి.

మా అమ్మాయికి పరీక్షల టైమ్‌లో నెలసరి ఆగిపోయింది.

మెదడు నుంచి అండాశయాలకు వెళ్లే హార్మోన్ సంకేతాలను ఒత్తిడి, ఆకలి చంపుకోవడం, నిద్ర తగ్గడం నెమ్మదింపజేస్తాయి. ఒక నెల తప్పితే గాభరా అక్కర్లేదు. వరసగా మూడు నెలలు రాకపోతే గైనకాలజిస్ట్‌ని కలవాలి. థైరాయిడ్, ప్రోలాక్టిన్ హార్మోన్, పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) చూస్తారు. పెళ్లైన వాళ్లు మొదట గర్భపరీక్ష చేసుకోవాలి.

మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్. రాత్రంతా మేలుకోవడం ఒంటికి ఎంత హాని?

శరీరంలో కార్టిసాల్‌కి ఒక టైమ్ టేబుల్ ఉంటుంది: అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తక్కువ, తెల్లవారుజామున పెరుగుతూ, లేచిన అరగంట నుంచి ముప్పావుగంటకు అత్యధికం. అమెరికా క్లయింట్లకోసం తెల్లవార్లూ పనిచేసేవాళ్లు దీనికి ఎదురీదుతారు. రాత్రిపూట ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది, అందుకే 2 గంటలకు తిన్న బిర్యానీ పగలు తిన్నదానికన్నా షుగర్‌ని ఎక్కువ పెంచుతుంది. ఏళ్ల తరబడి నైట్ షిఫ్ట్ చేసేవాళ్లలో షుగర్, గుండెజబ్బులు ఎక్కువ.

ఉద్యోగం మారలేనివాళ్లు ఇవి పాటించండి. ప్రధాన భోజనం షిఫ్ట్‌కి వెళ్లేముందే చేయండి. రాత్రి పెరుగన్నం, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు లాంటివి కొద్దిగా. చాయ్, కాఫీ షిఫ్ట్ మొదటి సగంలోనే. కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది, ఉదయం 5కి ఇరానీ చాయ్ తాగి 8కి నిద్ర రావట్లేదంటే తప్పు నిద్రది కాదు. ఇంటికొచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోండి, ఎండ పడితే శరీరం తెల్లారిందనుకుంటుంది. గదికి చీకటి పరదాలు, చెవులకు ఇయర్‌ప్లగ్స్, ఫోన్ సైలెంట్. కూరగాయల బండి మైకు, పక్కింటి మిక్సీ కూడా నిద్రను ముక్కలు చేస్తాయి. సెలవు రోజుల్లో పూర్తిగా పగటి మనిషిలా మారిపోకుండా, పనిరోజుల నిద్రవేళలో కనీసం 4 గంటలు అదే సమయంలో పడుకోండి. షిఫ్ట్ ముందు 20 నిమిషాల కునుకు బాగా ఉపయోగపడుతుంది. ఎండ తగలనివాళ్లు విటమిన్ డీ చూపించుకోవడం మంచిది.

ఒత్తిడిలో ఉంటే జలుబు తరచుగా వస్తుందా?

వస్తుంది. షెల్డన్ కోహెన్ బృందం 1991లో వాలంటీర్ల ముక్కుల్లో జలుబు వైరస్‌లు వేసి చూసింది. ఒత్తిడి ఎక్కువున్న కొద్దీ జలుబు పట్టే అవకాశం పెరిగింది. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న బంధువును చూసుకునే వాళ్లలో చిన్న గాయం మానడానికి మిగతావాళ్లకన్నా సగటున 9 రోజులు ఎక్కువ పట్టిందని 1995లో తేలింది. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లను ఒంటిచేత్తో చూసుకునే కోడళ్లు, కూతుళ్ల ఆరోగ్యం గురించి ఎవరూ అడగరు. అడగాలి.

కార్టిసాల్ పరీక్ష చేయించుకోవాలా? అశ్వగంధ వాడొచ్చా?

ఒత్తిడి కొలవడానికి కార్టిసాల్ పరీక్ష పనికిరాదు. గంటగంటకూ మారే హార్మోన్‌ని ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు. కార్టిసాల్ అతిగా తయారయ్యే కుషింగ్స్ లాంటి జబ్బు అనుమానం ఉన్నప్పుడు డాక్టర్ రాస్తారు. “అడ్రినల్ ఫెటీగ్” పేరుతో ప్యాకేజీ అమ్మితే కొనకండి, ఎండోక్రైనాలజిస్టులు దాన్ని జబ్బుగా ఒప్పుకోరు. ఆ డబ్బుతో సీబీపీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్, బీ12, పరగడుపు షుగర్ చేయించుకోవడం మేలు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువవడం రెండూ అచ్చం టెన్షన్‌లాగే గుండెదడ, నీరసం, చిరాకు తెస్తాయి.

అశ్వగంధ వల్ల కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, థైరాయిడ్ హార్మోన్లనూ అది మార్చవచ్చు. గర్భిణులు, థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు వాడొద్దు.

నిద్రకి అల్ప్రాజోలం, లేదా సాయంత్రం కాస్త కల్లు. తప్పేంటి?

అల్ప్రాజోలం చీటీ లేకుండా కొనకూడని మందు. కొన్ని వారాలు రోజూ వాడితేనే అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా మానితే వణుకు, నిద్రలేమి, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి.

మన నగరంలో దీనికి ఇంకో ముఖం ఉంది. కల్లు కాంపౌండ్లలో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం పదేపదే బయటపడింది. తాగేవాళ్లు తమకు తెలియకుండానే ఆ మందులకు బానిసలవుతారు. 2020 లాక్‌డౌన్‌లో కాంపౌండ్లు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇలాంటివాళ్లు వరసకట్టారు: పిచ్చిచూపులు, వణుకు, పొంతన లేని మాటలు. ఇంట్లో రోజూ కల్లు తాగే పెద్దవాళ్లుంటే బలవంతంగా ఒక్కరోజులో మాన్పించకండి, ఆస్పత్రికి తీసుకెళ్లి మాన్పించండి.

మందులు, మాత్రలు లేకుండా ఒంట్లో ఒత్తిడి తగ్గించే పద్ధతి ఏదైనా చెప్పండి.

ఊపిరితో మొదలుపెట్టండి. కూర్చుని ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ తీసుకోండి, పొట్ట పైకి రావాలి, ఛాతీ కాదు. 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి 6 ఊపిరులు అవుతాయి. 5 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగా తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. తల తిరిగితే మీరు మరీ లోతుగా లాగుతున్నట్టు, కొంచెం తక్కువ గాలి తీసుకోండి.

నిద్రకు ముందు కండరాలు వదిలే పద్ధతి పనిచేస్తుంది. పిడికిళ్లు 5 సెకన్లు బిగించి, 15 సెకన్లు పూర్తిగా వదలండి. తర్వాత భుజాలు, ముఖం, పొట్ట, తొడలు, పాదాలు. తిమ్మిరెక్కేంత గట్టిగా బిగిస్తే పిక్క పట్టేస్తుంది.

నడక వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. కేబీఆర్ పార్క్, ఇందిరా పార్క్, సంజీవయ్య పార్క్, ఉస్మానియా క్యాంపస్, ఏది దగ్గరైతే అది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 7 లోపు ముగించండి. ఎండకు ఒంట్లో నీళ్లు తగ్గినా గుండెదడ వస్తుంది.

ఎక్కడ చూపించుకోవాలి?

మొదట మీ ఫ్యామిలీ డాక్టర్, లేదా దగ్గరలోని బస్తీ దవాఖానా. అక్కడ బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఒంటి పరీక్షలు మామూలుగా వచ్చినా బాధ తగ్గకపోతే సైకియాట్రిస్ట్: ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, గాంధీ, ఉస్మానియా, నిమ్స్. అక్కడికి వెళ్లడానికి ఇబ్బందిగా ఉన్నా, రాత్రిపూట చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వారం బీపీ అంకెలు, తలనొప్పి మాత్రల క్యాలెండర్, వాడుతున్న అన్ని మందుల పేర్లు (ఆయుర్వేదం, నాటుమందులతో సహా), రోజుకు ఎన్ని చాయ్‌లు, ఎన్ని గంటల నిద్ర అన్నది ఒక కాగితం మీద రాసుకెళ్లండి. రద్దీ ఓపీలో మీకు దొరికే కొద్ది నిమిషాలూ అప్పుడు పనికొస్తాయి.